రోకలి ముక్కతో గేర్ నాబ్ చేయొచ్చా, చేస్తే చేతికొస్తుందా?

బాణసవాడి_భాస్కర్
నాది 2011 హోండా సిటీ, మాన్యువల్. గేర్ నాబ్ మీద తోలు పొరలు పొరలుగా లేచిపోయింది. తప్పు కారుది కాదు, నా ఉంగరానిది. ఇన్నేళ్ళుగా ఒకేచోట గీరుతోంది. కొత్తది కొందామని బెంగళూరు జేసీ రోడ్డులో రెండు గంటలు తిరిగా. నాకు కనిపించినవి రెండే రకాలు. లోపల ఎర్ర లైటు వెలిగే ప్లాస్టిక్ పుర్రె ఒకటి, మెరిసే అల్యూమినియం గుండు ఒకటి. పుర్రె పెడితే మా ఆవిడ కారెక్కదు. గుండు పెడితే ఎండాకాలం నేనెక్కను.

మొన్న కదిరి వెళ్ళినప్పుడు వసారా మూలన మా అవ్వ రోకలి కనిపించింది. చండ్ర కర్ర. కింద పొన్ను (కొసన వేసే ఇనుప కట్టు) తుప్పు పట్టింది గానీ కర్ర గట్టిగా ఉంది, నడుమ చేతులు పడే చోట అద్దంలా నున్నగా ఉంది. పై కొసన జానెడు కోస్తే గేర్ నాబ్ అవుతుంది కదా అని బుర్రలో పురుగు దూరింది. డిక్కీలో వేసుకుని బెంగళూరు తెచ్చేశా.

ఇంతకుముందు ఎవరైనా కర్రతో నాబ్ చేయించుకున్నారా? కర్రలోనే మర కోసి రాడ్డుకు బిగించొచ్చా? ఎండకు పగులుతుందా? లేత్ పని ఎక్కడ చేస్తారు?

సిల్క్‌బోర్డు_బాధితుడు
పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట. ఇన్నాళ్ళకు ఆ సామెతకు ఒక మెకానికల్ ఇంజినీరు దొరికాడు.

బాణసవాడి_భాస్కర్
సివిల్ బ్రదర్.

మడకశిర_మూర్తి
అవ్వ రోకలిని కోయడానికి చెయ్యి ఎలా వస్తుంది నాయనా? రోలూ రోకలీ ఇంట్లో పెళ్ళికి పసుపు దంచే వస్తువులు. మా ఇంట్లో రోకలిని దాటితేనే తిట్టేవాళ్ళు. టింబర్ యార్డులో యాభై రూపాయలకు టేకు ముక్క దొరుకుతుంది. దాంతో చేసుకో, దీన్ని వదిలేయ్.

కడప_కుర్రోడు
మూర్తి గారు చెప్పింది కరెక్టే కానీ ఆ రోకలి వసారాలో చెదలకు పోయేదే కదా. కారులో ఉంటే రోజూ చెయ్యి వేస్తాడు. నా దగ్గర మా మామ ఇచ్చిన ఎర్రచందనం ముక్క ఉంది, పిడికిలంత. దాంతో చేస్తే ఇంకా అదిరిపోతుంది. భాస్కర్ అన్నా, కావాలంటే ఊరి నుంచి తెచ్చిస్తా.

పీణ్య_ఫిట్టర్
దాన్ని అక్కడే ఉంచు. బిల్లూ రవాణా పర్మిటూ లేకుండా ఎర్రచందనం రాష్ట్రం దాటిస్తే పిడికిలంతా ఒకటే, లారీ అంతా ఒకటే. చెక్‌పోస్టులో వాడికి గేర్ నాబ్ గురించి చెప్పుకుంటూ కూర్చుంటావా?

భాస్కర్, కర్ర సంగతి తర్వాత. ముందు రాడ్డు థ్రెడ్, అదే మర, చూడు. హోండాలకు సాధారణంగా 10×1.5 ఉంటుంది, అంటే లావు 10 మిల్లీమీటర్లు, మర చుట్టుకూ చుట్టుకూ మధ్య 1.5. టొయోటాలకు 12×1.25, నిస్సాన్‌లకు 10×1.25. అయినా నా మాట నమ్మొద్దు. పాత నాబ్‌ను చేత్తో ఎడమకు తిప్పి ఊడదీయి. హార్డ్‌వేర్ షాపులో 10 నట్టు అడిగితే మామూలుగా ఇచ్చేది 1.5దే. రెండు వేళ్ళతో తిప్పితే కింది దాకా పోయిందా, నీది అదే. రెండు చుట్లు పోయి బిగుసుకుందా, అక్కడే ఆపు. స్పానర్ పెట్టావంటే రాడ్డు మీద మర పోతుంది. రాడ్డు మార్చాలంటే కన్సోల్ మొత్తం విప్పాలి.

ఇక కర్రలోనే మర కోయడం. కోయొచ్చు, బిగుస్తుంది కూడా. కొన్నాళ్ళే. రోకలిలో నార నిలువునా ఉంటుంది. నువ్వు బెజ్జం వేసేది కొస నుంచి, అంటే నార వెంబడే. అక్కడ కోసిన మరకు పట్టు ఉండదు, పీచులా రాలిపోతుంది. లోపల లోహం ఉండాల్సిందే. కర్ర చూడ్డానికి, ఇత్తడి పట్టుకోవడానికి.

చెన్నై_చలమయ్య
నేను అడయార్‌లో ఉంటా. స్టీల్ నాబ్ వాడా ఒక సంవత్సరం. మే నెలలో మధ్యాహ్నం పార్కింగ్ నుంచి తీసేటప్పుడు చేతిరుమాలు చుట్టి ఫస్ట్ గేర్ వేసేవాణ్ణి. కర్రకు ఆ బాధ లేదు, వేడి అంత త్వరగా చేతికి ఎక్కదు. కర్రకే నా ఓటు.

డీజిల్_దొర
కర్ర నాబ్‌లు కొత్తేమీ కాదు. పోర్షే 917 రేసు కారుకు బరువు తగ్గించడానికి బాల్సా కర్రతో నాబ్ పెట్టారు. 1970, 71 రెండేళ్ళూ ల మాన్స్ గెలిచింది ఆ కారు. తర్వాత కరేరా జీటీకి కూడా దాని గుర్తుగా కర్ర నాబే ఇచ్చారు.

సిల్క్‌బోర్డు_బాధితుడు
దొరా, వాళ్ళు గ్రాములు తగ్గించింది గంటకు 300 కిలోమీటర్ల మీద పోవడానికి. మనం ఫస్టూ న్యూట్రలూ, ఫస్టూ న్యూట్రలూ. మనకు నాబ్ కాదు, ఊతకర్ర కావాలి.

డీజిల్_దొర
నేను చెప్పేదీ అదే. ఇలాంటి ట్రాఫిక్‌లో నాబ్ బరువుగా ఉంటేనే గేర్ తనంతట తాను జారినట్టు పడుతుంది. కర్ర తేలిక. భాస్కర్ లోపల సీసం పోయించుకో, పావు కిలో దాకా రానీ.

పీణ్య_ఫిట్టర్
వద్దు. పావు కిలో గుండు రాడ్డు కొసన ఊగుతుంటే, మౌంటింగులు (ఇంజన్‌ను పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు) అరిగిన పాత బండికి గట్టిగా బ్రేక్ కొట్టినప్పుడు గేర్ ఊడొచ్చు. నేను చూశాను. 80, 100 గ్రాములు చాలు. సీసం కరిగించి పోసే పని ఇంట్లో అసలే వద్దు.

డీజిల్_దొర
నా బండికి 240 గ్రాముల నాబ్ నాలుగేళ్ళుగా ఉంది. ఒక్కసారీ ఊడలేదు.

పీణ్య_ఫిట్టర్
నీ మౌంటింగులు బాగున్నాయి, సంతోషం.

లక్కపిడత
మాది ఎలమంచిలి దగ్గర, ఏటికొప్పాక పక్క ఊరే. చిన్నప్పటి నుంచి తరిమెన (కర్ర లేత్) పట్టే చోటే ఆడుకున్నాను. ఇప్పుడు కెంగేరిలో ఉంటాను, సెలవు దొరికితే చన్నపట్నం పరిగెడతాను. ఇంట్లో చిన్న కర్ర లేత్ ఉంది. రెండు మాటలు చెప్తాను.

మొదటిది కర్ర. బొమ్మలకు వాడే అంకుడు మెత్తన, తెల్లన, పాలరాయిలా ఉంటుంది. ఏటికొప్పాకలోనూ చన్నపట్నంలోనూ అదే చెట్టు, అక్కడ ఆలె మర అంటారు. పిల్లల బొమ్మకు బంగారం గానీ గేర్ నాబ్‌కు నప్పదు, ఉంగరం తగిలితే సొట్ట పడుతుంది. చండ్ర దానికి పూర్తిగా ఎదురు. కిళ్ళీలో వేసే కాచు ఆ జాతి చెట్టు చేవ (లోపలి గట్టి కర్ర) నుంచే తీస్తారు. చేవ ముదురు ఎరుపు, ఉలి దిగదు. భాస్కర్ గారూ, ముక్కను బకెట్ నీళ్ళలో వేసి చూడండి. మునిగిందంటే మంచి చేవ.

రెండోది, ఆ రోకలి ఎలా చేశారో కొస వైపు చూడండి. పెద్ద మానును చీల్చి చేసినదైతే గీతలు విల్లులా వంగి ఉంటాయి. కొమ్మను కొమ్మగానే చెక్కినదైతే నట్టనడుమ చిన్న మెత్తటి చుక్క, దాని చుట్టూ వలయాలు కనిపిస్తాయి. చుక్క ఉంటే అక్కడి నుంచి అంచుకు నెర్రెలు బయల్దేరతాయి, ఈపాటికే బయల్దేరి ఉంటాయి కూడా. భయం లేదు. ఆ చుక్క ఉన్న చోటే మీ బెజ్జం పడుతుంది, ఇత్తడి బుష్ (లోపల మర ఉన్న చిన్న గొట్టం) దాన్ని తినేస్తుంది.

కర్ర ఆరిందా లేదా అన్న బెంగ మాత్రం మీకక్కర్లేదు. పచ్చి కర్రతో చేస్తే నెల తిరక్కుండా పగులుతుంది. మీ రోకలి మీకంటే పెద్దది.

బాణసవాడి_భాస్కర్
లక్కపిడత గారూ, వేశా. రాయిలా అడుక్కి పోయింది. మా అమ్మ పక్కనే ఉండి చూస్తోంది, ఏం మాట్లాడలేదు. అది ఇంకా భయంగా ఉంది. రోకలి తెచ్చినట్టు ఆమెకు తెలుసు, కోస్తున్నట్టు ఇవాళే తెలిసింది.

చుక్క ఉంది. రెండు సన్నటి నెర్రెలు కూడా ఉన్నాయి, గోరు దూరదు.

మడకశిర_మూర్తి
అమ్మను ఒక మాట అడిగి కోయాల్సింది.

బాణసవాడి_భాస్కర్
కోశాక అడిగా మూర్తి గారూ.

హొసూరురోడ్డు_హనుమ
అన్నా ఆదివారం దాకా ఆగి ఎవరైనా లేత్ ఉన్నవాళ్ళ దగ్గరికే పో. ఇంట్లో డ్రిల్లుతో మొదలెట్టొద్దు. నేను మామిడి కర్రతో చేశా, బెజ్జం ఓ పక్కకు పోయింది. నాబ్ ఇప్పుడు ప్యాసింజర్ సీటు వైపు చూస్తూ ఉంటుంది. ఎక్కినవాళ్ళందరూ సరిచేయబోతారు.

సిల్క్‌బోర్డు_బాధితుడు
ఆ నాబ్‌ను నేను చూశా. నాతో ఏదో చెప్పాలనుకుంటున్నట్టు ఉంటుంది.

అంకుశం
ఇదంతా చేస్తే షోరూమ్ వాళ్ళు వారంటీ ఇస్తారా?

బాణసవాడి_భాస్కర్
2011 కారుకు ఇంకా ఎవరైనా వారంటీ ఇస్తుంటే నంబరు పంపండి.

బాణసవాడి_భాస్కర్
ఆదివారం దాకా ఆగలేకపోయా. తిట్టుకోండి.

శుక్రవారం రాత్రి చేతి డ్రిల్లుతో బెజ్జం వేశా. మామూలు 10 నట్టును సుత్తితో కర్రలో దిగ్గొట్టి, చుట్టూ అయిదు నిమిషాల్లో పట్టే జిగురు పోశా. ఆకురాయితో గుండ్రంగా అరగదీశా, మూడు గంటలు పట్టింది. చండ్ర మీద ఆకురాయి జారిపోతుంది తప్ప కరవదు. పైన 80 నుంచి 400 దాకా ఎమరీ పేపర్. శనివారం పొద్దునకు రేగిపండు రంగులో తయారైంది. చేతికి తగిలితే ఏమి హాయి! మధ్యాహ్నం దాకా ఎండలో పార్క్ చేసి, సాయంత్రం దేవనహళ్ళి వైపు బయల్దేరాం.

హెబ్బాళ ఫ్లైఓవర్ ఎక్కుతుండగా ముందు బస్సు ఆగింది. థర్డ్ నుంచి సెకండ్‌కు లాగా. చేయి వచ్చింది, చేతిలో నాబ్ వచ్చింది, గేర్ మాత్రం థర్డ్‌లోనే ఉంది. బండి దడదడలాడి ఆగిపోయింది. వెనక ఉన్న వాళ్ళందరూ హారన్లతో సంగీత కచేరీ. నేను ఎడమ చేతిలో రోకలి ముక్క పట్టుకుని కూర్చున్నా. మా ఆవిడ నవ్వలేదు. అమ్మ వెనక సీట్లోంచి అంది, "అవ్వ ఊరుకుంటుందా మరి."

ఒట్టి రాడ్డునే పట్టుకుని ఇంటికొచ్చా. థ్రెడ్ అరచేతిలో అచ్చు పడింది.

సిల్క్‌బోర్డు_బాధితుడు
రోట్లో తల దూర్చి రోకటి పోటుకు వెరవనేల.

హొసూరురోడ్డు_హనుమ
చెప్పానా.

పీణ్య_ఫిట్టర్
నవ్వే సంగతి కాదు. అది ట్రాఫిక్‌లో కాబట్టి సరిపోయింది. ఘాట్ దిగేటప్పుడైతే? పైగా నాబ్ లేని రాడ్డు అంటే మీ వైపు నిలబెట్టిన ఇనుప చువ్వ. పాత తోలు నాబ్‌ను ఎప్పుడూ డిక్కీలో ఉంచు.

ఎందుకు ఊడిందో చెప్తా. ఒకటి, నట్టుకు ఆరు మూలలు. సుత్తితో కొట్టినప్పుడు మూలలు కర్రను చీల్చుకుని వెళ్ళాయి, పట్టు మొత్తం జిగురు మీదే పడింది. రెండు, అయిదు నిమిషాల జిగురు ఎండ వేడికి మెత్తబడుతుంది. మూసిన కారులో, ఎండ తగిలే చోట అరచేయి పెట్టలేనంత వేడెక్కుతుంది కదా. మూడు, నట్టు మందం 8 మిల్లీమీటర్లు. రాడ్డు మీద థ్రెడ్ 20 పైన ఉంటుంది. పట్టు ఉన్నది సగం కూడా కాదు.

ఇలా చెయ్యి. 16 మిల్లీమీటర్ల ఇత్తడి కడ్డీ, 25 పొడవు ముక్క కోయించు. నడుమ 8.5 డ్రిల్లు, అందులో 10×1.5 టాప్‌తో మర. బుష్ బయట నున్నగా ఉండకూడదు, మూడు నాలుగు గాడులు కొట్టించు, జిగురు వాటిలో దిగి కూర్చుంటుంది. కర్రలో బెజ్జం 16.3 దాకా. బిగుతుగా దిగ్గొడితే జిగురంతా బయటికి కారిపోతుంది, కర్రా చీలుతుంది. మామూలు అరల్డైట్, 24 గంటలు పట్టేది. రెండు ట్యూబులూ సమానంగా తీసి రెండు నిమిషాలు కలుపు. మర్నాటి దాకా ముట్టుకోకు. మర లోపలికి జిగురు పోకుండా ఒక బోల్టుకు గ్రీజు రాసి బిగించి ఉంచు.

12×1.25 రాడ్డు ఉన్నవాళ్ళకు ఒక చిట్కా: హార్డ్‌వేర్ షాపులో మామూలు 12 నట్టు 1.75, అది పట్టదు. మారుతి వీల్ నట్టు తీసుకోండి, అది 12×1.25.

నాబ్ కింద ఒక పలచటి లాక్ నట్టు వెయ్యి. నాబ్‌ను చివరిదాకా బిగించాల్సిన పని ఉండదు, గేర్ల గుర్తు ఎటు తిరగాలో అటు పెట్టి కింద నుంచి బిగించుకోవచ్చు.

డీజిల్_దొర
ఫిట్టర్ గారూ ఇత్తడే ఎందుకు? స్టీల్ బుష్ అయితే నేనన్న బరువు కూడా వస్తుంది.

లక్కపిడత
దీనికి నేను జవాబిస్తాను. చండ్రలో వగరు ఎక్కువ. ఇనుము తగిలి కాస్త తేమ చేరితే నల్లబడుతుంది. కరక్కాయ కషాయంలో ఇనుము వేసి సిరా చేసేవాళ్ళే, అదే సంగతి. భాస్కర్ గారూ, పొన్ను ఉన్న కొసన కర్ర చూడండి, బొగ్గులా ఉంటుంది.

బాణసవాడి_భాస్కర్
నిజమే! నేను అది మురికి అనుకుని గంటసేపు తోమా.

రాడ్డు మీదే ఉండిపోయిన నట్టు తీశా. ఊడిన ముక్కలో అది కూర్చున్న చోట కూడా అప్పుడే నీలం నలుపు మరక. ముక్క రెండుగా చీలింది. రోకలి ఇంకా ఉంది కాబట్టి మళ్ళీ జానెడు కోశా. ఈసారి అమ్మను అడిగే.

మడకశిర_మూర్తి
ఏమంది?

బాణసవాడి_భాస్కర్
"ఎటూ మొదలెట్టావు కదా" అంది.

కడప_కుర్రోడు
నేను మళ్ళీ చెప్తున్నా, ఎర్రచందనం ముక్క...

పీణ్య_ఫిట్టర్
నేను మళ్ళీ చెప్తున్నా, అక్కడే ఉంచు.

లక్కపిడత
ఆదివారం ఖాళీ అయితే కెంగేరి వచ్చేయండి. బుష్ మాత్రం బయట చేయించుకుని తీసుకురండి, నాది ఇనుము కోసే లేత్ కాదు.

పై పూత గురించి ఇప్పుడే చెప్తాను, మళ్ళీ అందరూ లక్క వేయమంటారు. లక్క పూత అందం నేను చెప్పక్కర్లేదు. తిరుగుతున్న కర్రకు లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికే కరిగి పట్టుకుంటుంది, మీద మొగలి ఆకు ఒత్తితే అద్దం. నా ఆల్టోకు 2019లో అలాగే చేసుకున్నాను, పసుపు ఎరుపు చారలు, చూసినవాళ్ళందరూ అడిగేవారు. తర్వాతి ఏడాది కరోనా వచ్చింది. కారెక్కగానే చేతులకు శానిటైజర్, ఆ తడి చేత్తోనే గేర్. వారానికి తెల్లబడింది, పది రోజులకు చేతికి అంటుకుంది. లక్క స్పిరిట్‌లో కరుగుతుందని పుట్టినప్పటి నుంచి తెలుసు నాకు. శానిటైజర్‌లో ఉండేదీ స్పిరిటే అని మాత్రం తోచలేదు. మీ వడ్రంగి స్పిరిట్ పాలిష్ వేస్తానన్నా ఇదే గతి, అదీ లక్కే.

చండ్రకు అసలు రంగు అక్కర్లేదు. నూనె చాలు.

చెన్నై_చలమయ్య
కొబ్బరి నూనె?

లక్కపిడత
కొబ్బరి నూనె ఆరదు, జిడ్డుగానే ఉండిపోతుంది. ఉడికించిన అవిసె నూనె, పెయింట్ షాపులో దొరికేది. పలచగా రాసి పావుగంట ఆగి పూర్తిగా తుడిచేయాలి. రోజుకొకసారి, అయిదారు రోజులు. ఒక జాగ్రత్త: తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూలన పడేయొద్దు. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, గుడ్డ దానంతట అదే అంటుకోగలదు. దండెం మీద విడిగా ఆరేయండి, లేదా నీళ్ళలో ముంచి పారేయండి.

అంకుశం
నూనెకు బదులు ఫెవిక్విక్ పొరలు పొరలుగా వేస్తే గాజులా వస్తుంది, పెన్నులు చేసేవాళ్ళు వాడతారు.

లక్కపిడత
వస్తుంది. మెరుపు బాగుంటుంది. కానీ అప్పుడు చేతికి తగిలేది ప్లాస్టిక్కే కదండీ. అంతమాత్రానికి అవ్వ రోకలి కోయడం ఎందుకు? నెర్రెలో పోయడానికైతే బేషుగ్గా పనికొస్తుంది. అదే కర్ర పొట్టు కూరి మీద రెండు చుక్కలు వేస్తే గీత కూడా కనిపించదు.

బాణసవాడి_భాస్కర్
నెల రోజులు మాయమయ్యానని ఎవరో మెసేజ్ పెట్టారు. ఊడిపోలేదు, నేనూ పోలేదు. ఈసారి ఆగి చెప్దామని.

బుష్ కామాక్షిపాళ్యలో చేయించా. చిన్న షెడ్డు, రెండు లేత్‌లు, ఒక పెద్దాయన. ఇత్తడి ముక్కతో కలిపి 400 తీసుకున్నాడు. రాడ్డు థ్రెడ్ 10×1.5 అని చెప్తే, నట్టు తెచ్చావా అని అడిగాడు. తేలేదంటే వెనక్కి పంపాడు. మళ్ళీ ఇంటికొచ్చి నట్టు తిప్పి చూసి, అదే నట్టు పట్టుకెళ్ళా. ఫిట్టర్ గారూ, మీరిద్దరూ ఒకే బడిలో చదివారా?

కెంగేరిలో పొద్దున పదికి మొదలెడితే రెండయింది. మొదట బెజ్జం. లక్కపిడత గారు ముక్కను చక్‌లో పట్టి, ఎదురు వైపు నుంచి డ్రిల్లు తోశారు. కర్ర తిరుగుతుంది, డ్రిల్లు కదలదు. అందుకే అడ్డంగా పోయే వీలే లేదు. ఆ నడిమి చుక్క, రెండు నెర్రెల మొదళ్ళు, అన్నీ పొడిగా బయటికొచ్చాయి. ఉలి ఆనించాక అసలు సంగతి తెలిసింది. అంకుడు ముక్క పెట్టి చూపించారు ముందు, దాన్నుంచి రిబ్బన్‌లా పొట్టు చుట్టలు చుట్టలుగా వచ్చింది. చండ్ర పెట్టగానే సన్నటి ఎర్ర పొడి. పది నిమిషాలకోసారి ఉలి సాన పట్టాల్సి వచ్చింది. మాస్కు వేసుకోమంటే నాకెందుకులే అన్నా. సాయంత్రం ముక్కు చీదితే ఇటుక రంగు.

ఆకారం గుండు కాదు, బోర్లించిన చెంబులా చేయమన్నా. వెడల్పు 48 మిల్లీమీటర్లు, ఎత్తు 60. అరచేయి మీద పెడితే వేళ్ళు కిందికి ముడుచుకుంటాయి. పైన ఓ పక్క తెల్లటి నెలవంక ఉంది, అక్కడ చేవ అయిపోయి పై మెత్త మొదలైంది. తీసేద్దామా అన్నారావిడ, ఉంచమన్నా. బుష్‌తో కలిపి తూకం 94 గ్రాములు. దొర గారికి తక్కువ, పోర్షే వాళ్ళకు ఎక్కువ.

అరల్డైట్ వేసి ఒక రోజు కాదు, రెండు రోజులు ఆగా. తర్వాత అయిదు రోజులు నూనె. గుడ్డలు బాల్కనీలో ఆరేశా, ఎదురింటాయన ఎవరింట్లో బారసాల అని అడిగాడు.

ఇప్పటికి 19 రోజులు. రెండు సార్లు హెబ్బాళ, ఒకసారి కదిరి వెళ్ళొచ్చా. మధ్యాహ్నం పూట ఎండలోనే పెట్టి చూశా, గోరువెచ్చగా ఉంటుంది అంతే. కదల్లేదు. పైన గేర్ల గుర్తు చెక్కించలేదు, అది ఇంకా తేలని విషయం. మా ఆవిడ చెక్కించమంటోంది. నాకేమో ఆ నెలవంక మీద గీత పడ్డం ఇష్టం లేదు.

పీణ్య_ఫిట్టర్
చెక్కించు. రేపు బండి ఇంకెవరికైనా ఇస్తే, పార్కింగ్ వాడికి ఇస్తే, రివర్స్ ఎటుందో వాడికెలా తెలుస్తుంది? పైన వద్దనుకుంటే రాడ్డు పక్కన కన్సోల్ మీద స్టిక్కర్ అంటించు.

లాక్ నట్టు వేశావా లేదా, అది చెప్పలేదు.

బాణసవాడి_భాస్కర్
వేశా సార్. స్టిక్కర్ అంటిస్తా.

డీజిల్_దొర
94 పర్వాలేదులే. ఫొటో చూశాక నాకూ కావాలనిపిస్తోంది. నా డస్టర్‌కు రివర్స్ రింగ్ పైకి లాగాలి, దానికి ఎలా?

లక్కపిడత
రింగ్ ఉన్నవాటికి నాబ్ కింది భాగం సన్నగా రావాలి, రెండు వేళ్ళు రింగ్ అందుకునేలా. చెంబు ఆకారం కుదరదు, లవంగం మొగ్గలా చేయాలి. పాత నాబ్ ఊడదీసి తీసుకురండి, కొలిచి చెప్తాను. చాలా వాటికి అసలు థ్రెడ్డే ఉండదు, రాడ్డు మీద నొక్కి కూర్చోబెట్టినవి ఉంటాయి.

మడకశిర_మూర్తి
మిగిలిన రోకలి ఏం చేశావు భాస్కర్? పారేయలేదు కదా?

బాణసవాడి_భాస్కర్
అదే చెప్పబోతున్నా. రెండు జానలు పోయాక మిగిలింది నిలబెడితే అమ్మకు భుజం దాకా వస్తోంది. అవ్వ పొడుగు మనిషి. అమ్మ ఆ రోకలి ఎత్తలేకే దంచడం మానేసిందట, ఇన్నేళ్ళలో మాకెవరికీ చెప్పలేదు. మొన్న శనివారం పొన్నుకు ఎమరీ పట్టించింది నాతో. తెలిసినవాళ్ళ బాల్కనీలో చిన్న రోలు ఉంటే అడిగి తెచ్చి, నువ్వులూ బెల్లం దంచింది. నాలుగో అంతస్తు కదా, కింద ఫ్లోర్ వాళ్ళే పైకొచ్చి ఇంట్లో ఏమైనా పగలగొడుతున్నారా అని అడిగారు. చిమ్మిలి పెట్టి పంపాం.

సిల్క్‌బోర్డు_బాధితుడు
చిమ్మిలి ఫొటో ఏది? నాబ్ ఫొటోలు ఆరు పెట్టావు.

వైట్‌ఫీల్డ్_వాసు
ఇప్పుడే మొత్తం చదివా, సూపర్. నాది ఆటోమేటిక్, దానికి కూడా ఇలా కర్రతో చేయొచ్చా?

పీణ్య_ఫిట్టర్
చాలా వాటికి నాబ్‌లోనే బటన్ ఉంటుంది, లోపల నుంచి కడ్డీ ఒకటి దిగుతుంది. ఫొటో పెట్టు, చూసి చెప్తా. అప్పటిదాకా ఏ రోకలీ కోయొద్దు.